మానని పుండుకు వైద్యపరీక్షలో చోటేది?

రైలుపట్టాలో కంటికానని పగులును ముందుగా పసిగట్టుటకు మన రైల్వేలలో అల్ట్రాసోనిక్ యంత్రములున్నవి. యంత్రము చాలదని కీమన్ ప్రతిదినము తన బీటు పొడవునా నడచి, వదులైన కట్లను బిగించుచు, పట్టాను కన్నులతో గాలించుచు పోవుచున్నాడు. చిన్న పగులును ఉపేక్షించిన ఫలితమేమో రైల్వే కార్మికునికి ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఆ కీమన్ అరికాలిలో పుట్టిన నల్లమచ్చను చూచువారెవరు? ఎండలో బట్వాడా చేయు పోస్ట్‌మన్ క్రింది పెదవిపై నెలల తరబడి మానని పుండును చూచువారెవరు? షెడ్డులో నూనె మరకల నడుమ బ్రదుకు వెళ్ళబుచ్చిన ఫిట్టరు ముంజేతిపై లేచిన గరుకు కాయను చూచువారెవరు? ఈ ప్రశ్నను మేము సోదర ఉద్యోగుల ముందును, యాజమాన్యముల ముందును ఒకేసారి ఉంచుచున్నాము.

మేము చెప్పదలచినది సంగ్రహముగా ఇది. నాలుగు వారములలో మానని ఏ పుండైనను, రూపు మార్చుకొనుచున్న ఏ మచ్చయైనను వైద్యుని కంట పడవలెను. దానిని కార్మికుని సిగ్గుకు గాని, మందుల దుకాణదారుని ఊహకు గాని వదలరాదు. పనిచేయించుకొనువారికి పనివాని కంటిచూపును పరీక్షించు హక్కున్నప్పుడు, అతని చర్మమును పరీక్షించు బాధ్యతయు ఉన్నది.

భయపడనక్కరలేనివి

మొదట అనవసరపు భయమును తొలగించుకొందము. చర్మముపై లేచిన ప్రతిదియు క్యాన్సరు కాదు. వేసవిలో వీపుపై పేలు చెమటకాయలు, మెడపైని పులిపిరులు, బూటు ఒరపిడికి కాలిలో కట్టిన ఆనెకాయలు, చర్మము క్రింద మెత్తగా కదలు క్రొవ్వుగడ్డలు, ఏబది ఏండ్లు దాటినవారి ముఖముపైన, వీపుపైన మైనము అంటించినట్లు లేచు గోధుమరంగు మచ్చలు - ఇవి సాధారణముగా ప్రాణహాని లేనివి. గజ్జి కంటికి కానరాని పురుగువలన కలుగును. పెర్మెత్రిన్ లేపనమును ఇంటిల్లిపాదియు ఒకే రాత్రి మెడ మొదలు పాదముల వరకు పూసికొని, వారము తరువాత మరల పూసికొన్నచో నయమగును. ఒక్కరు పూసికొని తక్కినవారు మానివేసినచో ఆ ఇంట గజ్జి తిరుగుచునే యుండును.

తామర సంగతి వేరు. రన్నింగు రూములలోను, ఆర్.ఎం.ఎస్. విశ్రాంతి గదులలోను ఒకరి తువ్వాలు మరొకరు వాడుటచే అది సులభముగా వ్యాపించును. దుకాణములో అడిగినంతనే ఇచ్చు స్టెరాయిడ్ కలిసిన లేపనము రెండు దినములలో దురదను అణచును, శిలీంధ్రమును మాత్రము పెంచి పోషించును, చర్మమును పలుచబరచును. నేడు దేశమంతట మొండిగా మారిన తామరకు ఈ లేపనములు ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు ఘోషించుచున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చినది. షెడ్యూలు కాగితముపై నున్నది. లేపనము దుకాణపు బల్లపై నున్నది.

స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ లేక ఎర్రబారిన మచ్చ కనబడినచో అది కుష్టు కావచ్చును. దీనికిని దాచుకొనవలసిన పని లేదు. బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా లభించును. ఆరు నెలలు లేక పండ్రెండు నెలలు క్రమముగా వాడినచో వ్యాధి నయమగును. కుష్టు ప్రజారోగ్య సమస్యగా తొలగినదని 2005 డిసెంబరులో మన దేశము ప్రకటించుకొన్నది. అయినను ప్రపంచములో ఏటేట కనబడు క్రొత్త రోగులలో సగముకంటె ఎక్కువమంది మన దేశమువారే. సిగ్గు ఎంతటి కీడు చేయునో ఈ ఒక్క మాట తెలుపుచున్నది.

భయపడి కదలవలసినవి

చర్మ క్యాన్సర్లు ముఖ్యముగా మూడు. మొదటిది చర్మపు అడుగు పొర కణములనుండి పుట్టు బేసల్ సెల్ క్యాన్సరు. ఇది ఎక్కువగా ముఖముపై, ముక్కు ప్రక్కన, కనురెప్పపై ముత్యపు మెరుపుతో చిన్న బొడిపెగా లేచును. మన చర్మపు రంగులో నల్లని మచ్చగాను కనబడును. నడుమ పుండుపడి, పక్కుకట్టి, మరల రక్తము కారును. శరీరములో దూరముగా పాకుట అరుదు. కాని ఉపేక్షించినచో ఉన్నచోటనే ముక్కును, కంటిని తినివేయును.

రెండవది స్క్వేమస్ సెల్ క్యాన్సరు. మన దేశములో దీనితో మనకు ఎక్కువ పరిచయము. క్రింది పెదవి, చెవి, చేతి వెలుపలి భాగము, కాలిపై ఏనాటిదో పుండు, చిన్ననాటి కాలిన మచ్చ - ఇవి దాని తావులు. గరుకైన కాయగా గాని, అంచులు గట్టిపడిన పుండుగా గాని పెరుగును. ఇది చంకలోని, గజ్జలలోని గ్రంథులకు పాకగలదు. కాలిన మచ్చలో పుట్టు ఈ క్యాన్సరుకు ఫ్రెంచి వైద్యుడు మార్జోలిన్ పేరు పెట్టినారు. కాలిన నాటికిని, క్యాన్సరు పుట్టిన నాటికిని నడుమ మూడు దశాబ్దములు గడచుట సాధారణము. కనుక ఇరువదవ ఏట కాలిన చేయి ఏబదవ ఏట పుండుపడినచో, అది క్రొత్త దెబ్బ యని కొట్టివేయరాదు. కాశ్మీరములో చలికి పొట్టకు ఆనించుకొను నిప్పుకుండ కాంగ్రీవలన పొట్టపై, తొడలపై వచ్చు క్యాన్సరు ఈ జాతిదే. ధోవతి బిగించి కట్టినచోట నడుముపై వచ్చు క్యాన్సరును 1945లో బొంబాయి టాటా స్మారక వైద్యశాలకు చెందిన డాక్టర్ ఖానోల్కర్, ఆయన సహచరులు వర్ణించినారు. బిగుతైన లంగా బొందు ఒరపిడికి నడుముచుట్టు నల్లబడి, పొలుసులు లేచి, పుండుపడి మానని చర్మమును మన సోదరీమణులు గమనించుకొనవలెను. బొందును వెడల్పు చేసికొనుట, ముడి తావును మార్చుట దానికి సులభమైన నివారణ.

మూడవది, అన్నిటికంటె ప్రమాదకరమైనది, మెలనోమా. చర్మమునకు రంగునిచ్చు కణములనుండి పుట్టును. తెల్లవారిలో ఇది వీపుపై, కాళ్ళపై కనబడును. మనవంటి ముదురు చర్మమువారిలో ఎండ సోకని తావులలో - అరికాలిలో, అరచేతిలో, గోటి క్రింద - ఎక్కువగా కనబడును. పుట్టుమచ్చలో ఒక సగము మరొక సగమువలె లేకపోవుట, అంచులు చెదరియుండుట, ఒకే మచ్చలో పలు రంగులుండుట, పెన్సిలు వెనుకభాగముకంటె పెద్దదగుట, వారవారము మారుచుండుట - ఈ ఐదును హెచ్చరికలు. గోటిపై నిలువుగా పుట్టిన నల్లచార వెడల్పగుచు, గోటి మొదటి చర్మములోనికి ప్రాకినచో ఒక్కదినమును ఆలస్యము చేయరాదు. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవ్రేలి గోటి క్రింద 1977లో కనుగొన్నది ఇదే. బంతియాటలో తగిలిన దెబ్బగా దానిని మొదట భావించినారు. 1981 మేలో, ముప్పదియారవ ఏట, ఆయన మరణించెను.

దెబ్బ యను ఈ భ్రమయే మనవారిని మోసగించుచున్నది. కంకరమీద నడచు వానికి కాలిలో మచ్చ కనబడినచో కంకర గ్రుచ్చుకొన్నదనుకొనును. మాకు తెలిసిన ఒక కీమన్ అరికాలి మచ్చను ఏడాదికి పైగా అట్లే అనుకొనెను. చూపించుకొన్న రెండుసార్లును సాక్సు తీయమన్నవారు లేరు. లేపనపు గొట్టము చేతికిచ్చి పంపినారు. మూడవసారి మరొక వైద్యుడు కాలిని వెలుతురులో పెట్టి చూచి పెద్ద ఆసుపత్రికి పంపునప్పటికి గజ్జలలో గడ్డ కట్టినది. ఆయన నేడు మన నడుమ లేడు. ఆయనకు కావలసియుండినది ఖరీదైన యంత్రము కాదు; మొదటిసారి వంగి కాలిని చూచు ఒక వైద్యుడు.

పొగగొట్టముల పిల్లలు, నూనె గుడ్డలు

చర్మ క్యాన్సరుకును శ్రమకును గల సంబంధము నేటిది కాదు. 1775లో లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్, పసితనమున పొగగొట్టములలోనికి ఎక్కించి మసి తుడిపించిన పిల్లలకు పెద్దయిన తరువాత వృషణపు సంచి చర్మముపై క్యాన్సరు వచ్చుచున్నదని వ్రాసెను. వృత్తివలన క్యాన్సరు కలుగునని లోకమునకు తెలిసిన మొదటి సందర్భమది. 1892లో మరొక లండను వైద్యుడు హెన్రీ బట్లిన్, ఐరోపా ఖండములో పొగగొట్టములు తుడుచువారు కాపుదల దుస్తులు ధరించి, ప్రతిదినము స్నానము చేయుటచే వారిలో ఈ వ్యాధి అరుదని చూపెను. ఒకే పని, ఒకే మసి. ఒకచోట చావు, మరొకచోట ఆరోగ్యము. నడుమ నున్న తేడా గుడ్డ, నీరు, సబ్బు. 1915లో టోక్యోలో యమగీవా, ఇచికావా అను శాస్త్రజ్ఞులు కుందేళ్ళ చెవులపై నెలల తరబడి తారు పూసి క్యాన్సరు పుట్టించి, అనుమానమునకు తావు లేకుండ చేసినారు.

ఈ చరిత్ర మన పట్టాలవరకు వచ్చినది. పంజాబులోని ధిల్వాన్, ఉత్తరప్రదేశములోని క్లటర్‌బక్‌గంజ్, అస్సాములోని నహర్‌కటియా కర్మాగారములలో కొయ్య స్లీపర్లకు క్రియోసోటు పట్టించినవారు, ఆ స్లీపర్లను భుజముపై మోసి పరచినవారు మన సోదరులే. క్రియోసోటు తారునుండి తీసినది. కాంక్రీటు స్లీపర్లు వచ్చి ఆ పని చాలవరకు అంతరించినది. కాని ఆ పని చేసిన చేతులు ఇంకను ఉన్నవి, ముసలివైనవి. చర్మ క్యాన్సరు పదవీ విరమణ తేదీని చూచి ఆగదు. షెడ్లలో, వర్క్‌షాపులలో వాడిన ఇంజను నూనె, తారు, బిటుమెన్ నేటికిని చేతులకు అంటుచున్నవి. నూనె గుడ్డను ప్యాంటు జేబులో కుక్కుకొను అలవాటు, కిరోసిను పోసి చేతులు కడుగు అలవాటు, నూనె అంటిన దుస్తులను వారమంతయు తొడుగు అలవాటు ప్రమాదకరములు. కాని సబ్బు ఇయ్యని షెడ్డులో, నీరు రాని కుళాయి వద్ద కార్మికుని అలవాటును నిందించుట న్యాయము కాదు.

ఎండయు అట్టిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2023 నవంబరులో ప్రకటించిన అంచనా ప్రకారము, 2019లో 160 కోట్లమంది ఆరుబయట పనిచేయుచు సూర్యుని అతినీలలోహిత కిరణములకు గురియైనారు. మెలనోమా కాని చర్మ క్యాన్సర్లవలన కలుగు మరణములలో దాదాపు మూడింట ఒక వంతు ఎండలో పనిచేయుటవలననే కలుగుచున్నది. ఆ ఒక్క సంవత్సరము దాదాపు 19,000 మంది అట్లు మరణించినారు. మన చర్మములోని నల్లని వర్ణద్రవ్యము మనలను చాలవరకు కాపాడుచున్నదనుట నిజము. చాలవరకు కాపాడుట వేరు, పూర్తిగా కాపాడుట వేరు.

వైద్యమున్నది, వేళకు చేరినచో

మచ్చపై అనుమానము కలిగినప్పుడు వైద్యుడు దానినుండి చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినిలో పరీక్ష చేయించును. కత్తి తగిలిన క్యాన్సరు పాకునను మాట మన కాలనీలలో పాతుకొని యున్నది. ఆ మాట నిజము కాదు. ఆలస్యమే దానిని పాకించును. వేళకు చేరినచో మొదటి రెండు రకములకు చుట్టునున్న కొంత మంచి చర్మముతోసహా కోసి తీసివేయుటయే ముఖ్య చికిత్స. అత్యధికులు పూర్తిగా కోలుకొందురు. శస్త్రచికిత్స వీలుపడనిచోట రేడియేషను కలదు. పైపొరలోనే ఉన్న కొన్నింటికి పూతమందులును కలవు. మెలనోమా పలుచగా నున్నప్పుడే తీసివేసినచో ప్రాణము దక్కును. ముదిరిన మెలనోమాకు 2011 తరువాత వచ్చిన రోగనిరోధక చికిత్సలు కొందరికి ఆయువు పెంచుచున్నవి; వాటి ఖరీదు మాత్రము కార్మికుని కుటుంబమును కూల్చునంతటిది.

చేయరానివియు ఉన్నవి. పుట్టుమచ్చపై సున్నము, చాకలి సోడా కలిపి పెట్టుట, నల్లజీడి రసముతో కాల్చుట, పులిపిరిని గుర్రపు వెంట్రుకతో బిగించుట, బ్లేడుతో కోసికొనుట - వీనిలో ఏ ఒక్కటియు చేయరాదు. హానిలేని మచ్చ పుండగును. హానికరమైన మచ్చ తన గుర్తులను దాచుకొనును.

చట్టము చూచినది, చూడనిది

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టపు మూడవ షెడ్యూలు, తారు, పిచ్, బిటుమెన్, ఖనిజ తైలము, ఆంత్రసీను వలన కలుగు చర్మ క్యాన్సరును వృత్తివ్యాధిగా గుర్తించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఆ చట్టపు స్థానమున నిలిచినది. వృత్తివ్యాధుల జాబితాలో ఈ వ్యాధి కొనసాగినది. ఈ స్మృతులపై కార్మికోద్యమమునకు గల అభ్యంతరములు వేరు. ఉన్న హక్కును వాడుకొనుట వేరు. తారు, నూనెలతో పనిచేసిన వానికి చర్మ క్యాన్సరు వచ్చినప్పుడు, అతని పని చరిత్రను వైద్యుడు కేసుషీటులో వ్రాయనిచో ఆ హక్కు పుట్టకయే చచ్చును. కనుక ఏ సెక్షనులో, ఎన్ని సంవత్సరములు, ఏ పదార్థముతో పనిచేసినారో వైద్యునికి చెప్పుడు, వ్రాయించుడు.

కాని ఆ జాబితా తారును చూచినది, సూర్యుని చూడలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తివ్యాధుల పట్టికలో అతినీలలోహిత కిరణముల వ్యాధులు చేర్చబడినవి. జర్మనీ దేశము 2015 జనవరి 1 నుండి ఎండలో పనిచేయువారి స్క్వేమస్ సెల్ క్యాన్సరును వృత్తివ్యాధిగా అంగీకరించినది. జర్మనీ ఎండ వృత్తివ్యాధికి కారణమైనప్పుడు, మే నెలలో కాజీపేట, గుంతకల్లు, నాగపూరు ఎండ కాకపోవుటకు హేతువేమి?

యాజమాన్యపు సమాధానము మేమెరుగుదుము. మన దేశములో చర్మ క్యాన్సరు అరుదు, దానికొరకు లక్షలమందిని పరీక్షించుట వృథా యందురు. అరుదనుట నిజమే. కాని మేము కోరునది క్యాన్సరు కొరకు ప్రత్యేకపు పరీక్ష కాదు. రైల్వేలలో నిర్ణీత కాలములలో జరుగు వైద్యపరీక్ష ప్రధానముగా రైలు భద్రత కొరకు, కంటిచూపు కొరకు ఏర్పడినది. అదే పరీక్షలో బనియను, బూట్లు, సాక్సు తీయించి, మంచి వెలుతురులో పది నిమిషములు చూచినచో మొండి తామర, గజ్జి, కుష్టు మచ్చ, మధుమేహపు కాలిపుండు, రసాయనములవలన వచ్చిన చర్మరోగము - ఇవన్నియు బయటపడును. వానితోపాటు ఆ అరుదైన క్యాన్సరును బయటపడును. అరుదైన వ్యాధి కనుకనే ఎవరికిని తోచదు. తోచదు కనుకనే ఆలస్యమగును. అరుదనుట చూడకుండుటకు హేతువు కాజాలదు.

మనము కోరవలసినది

కనుక మా కోరికలు ఇవి. ఒకటి: ట్రాక్ సిబ్బంది, షెడ్డు, వర్క్‌షాపు కార్మికులు, బట్వాడా సిబ్బంది వైద్యపరీక్షలో చర్మము, పాదములు, గోళ్ళు, పాత మచ్చలు చూచుట నిబంధనగా చేర్చవలెను, మహిళా ఉద్యోగులను మహిళా వైద్యులు చూడవలెను. రెండు: ఈ పరీక్ష కాంట్రాక్టు కార్మికులకును, శాఖాపర ఉద్యోగులతో సమానమైన వైద్య సౌకర్యము నోచుకొనని గ్రామీణ డాక్ సేవకులకును, పదవీ విరమణ చేసినవారికిని వర్తించవలెను. మూడు: వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా, కాలికి సరిపోవు బూట్లు, నూనె పనికి తగిన చేతితొడుగులు, సబ్బు, నీరు ఇయ్యవలెను, వేసవి మధ్యాహ్నపు పనివేళలను సవరించవలెను. నాలుగు: హెల్త్ యూనిట్లకు చర్మవైద్యుడు నెలకొకసారియైనను రావలెను. ఐదు: ఎండవలన కలుగు చర్మ క్యాన్సరు వృత్తివ్యాధుల జాబితాలో చేరవలెను.

శాఖలు ఈ అంశమును రాబోవు పి.ఎన్.ఎం., జె.సి.ఎం. సమావేశముల ఎజెండాలో చేర్చుటకు తీర్మానములు పంపవలెను. అంతవరకు మన చేతిలో నున్న పని మనము చేయుదము. నెలకొక ఆదివారము స్నానమునకు ముందు, పగటి వెలుతురులో, అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను, గోళ్ళను, పెదవిని, పాత మచ్చలను చూచుకొనుడు. మీ వీపును మీరు చూడలేరు, ఇంటివారు చూతురు. వారి వీపును మీరు చూడుడు. అనుమానము కలిగిన మచ్చను స్కేలు ప్రక్కన పెట్టి ఫోటో తీసి, తేదీ వ్రాసి ఉంచుడు. పోయిన నెలకును ఈ నెలకును తేడా వైద్యునికి ఆధారమగును. నాలుగు వారములు గడచినను పుండు మానకున్నచో వైద్యుని వద్దకు వెళ్ళుడు. ఆయన చూడక లేపనము వ్రాసినచో చూడుమని అడుగుడు. ఒంటరిగా అడుగుటకు సంకోచమైనచో శాఖా కార్యదర్శిని వెంటబెట్టుకొని వెళ్ళుడు. సెలవుల కొరకు, బదిలీల కొరకు, బకాయిల కొరకు వెంటవచ్చు సంఘము, ప్రాణము కొరకు వెంటరాకుండునా?